మెరియానా మచ్చ

అకైతీకి వేలిముద్రలు లేవు. మా దీవిలో తితికవేకా ఒడ్డున ఉన్న మోటెల్లో పంతొమ్మిదేళ్ళుగా స్నానాల గదులు తోమి, బ్లీచింగు నీళ్ళలో నాని, పది వేళ్ళూ గులకరాళ్ళలా నున్నబడిపోయాయి. ఆ మధ్య మోటెల్లో వేలు పెడితే హాజరు వేసుకునే యంత్రం తెచ్చి పెట్టారు. అది అందరినీ గుర్తుపట్టింది, అకైతీని తప్ప. మేనేజరు తల గోక్కుని, "ఈ యంత్రం లెక్కలో నువ్వు లేవు" అన్నాడు. "అయితే ఇవాళ గదులు తుడిచింది దయ్యమన్నమాట. జీతం దానికిస్తారా, నాకిస్తారా?" అంది అకైతీ. మొహంలో నవ్వు లేదు. ఆమె హాస్యం అంతే, నవ్వాలో జడుసుకోవాలో ఎదుటివాడికి తేలదు. ఆ రోజు నుంచీ ఆమె ఒక్కదానికి మాత్రం పుస్తకంలో సంతకం.

నలభై ఏడేళ్ళ మనిషి. మొగుడు ఉద్యోగం చూసుకుని పిలిపిస్తానని ఆక్లాండ్ వెళ్ళి, అక్కడ ఉద్యోగంతో పాటు ఇంకో ఆవిణ్ణి కూడా చూసుకున్నాడు. అకైతీ ఏడవలేదు. అతను వదిలిపోయిన చొక్కాలను చింపి అద్దాలు తుడిచే గుడ్డలు చేసింది. "ఇన్నాళ్ళకు పనికొచ్చాడు" అనేది. పిల్లల్లేరు. తల్లి మెరియానా ఉన్నంతకాలం తల్లే పిల్లా, పిల్లే తల్లీ అన్నట్టు ఆ ఇంట్లో ఇద్దరూ గడిపేశారు.

ఇప్పుడు మెరియానా ఇంటి ముందు ఉంది. అంటే మా దీవి ఆచారం ప్రకారం ఆమె సమాధి ఉంది. వంటింటికి ఎంత దూరమో వీధికీ అంతే దూరం. తెల్ల సున్నం, పైన రేకుల చూరు, గాజు పలక వెనక ఫొటో. పొద్దున్నే దాని అంచు మీద కూర్చుని టీ తాగడం, ఎండ బాగుంటే దిండు గలేబులు దాని మీద ఆరేయడం అకైతీకి మామూలే. అమ్మ ఒడిలో బట్టలు పడేస్తే అమ్మ ఏమనుకుంటుంది గనక. ఫొటోలో మెరియానా ఎడమ చెంప మీద మచ్చ స్పష్టంగా కనబడుతుంది. చిన్నప్పుడు గోతిలో రాళ్ళు కాల్చి వండే పొయ్యిలో ఒక రాయి పేలి మీద పడితే మిగిలిన మచ్చ అది. పైన వెడల్పు, కింద మొన, అచ్చం చేమాకు.

మూడేళ్ళ కిందట ఒక మంగళవారం మధ్యాహ్నం ఆమె పోయింది. అప్పుడు అకైతీ మోటెల్లో ఎనిమిదో నంబరు గదిలో పరుపు మీద దుప్పటి పరుస్తోంది. తల్లి దగ్గర ఉన్నది తమ్ముడు పునువా ఒక్కడే. కబురు అంది స్కూటర్ మీద పరుగున వచ్చేసరికి అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మెరియానాకు ఆ అలవాటు లేదు. దారిన పోయేవాళ్ళు కనబడాలని బతికినన్నాళ్ళూ వీధివైపు తిరిగే పడుకున్న మనిషి.

"అమ్మ నన్నడిగిందా?" అంది అకైతీ.

"లేదు. నిద్దట్లోనే పోయింది" అన్నాడు పునువా, ఆమె మొహంలోకి చూడకుండా.

ఈ మూడేళ్ళలో ఆ ప్రశ్న వందసార్లు అడిగి ఉంటుంది. పెళ్ళిళ్ళలో అడిగింది, చర్చి మెట్ల మీద అడిగింది, సమాధికి సున్నం వేస్తుంటే అడిగింది. వందసార్లూ అదే జవాబు, వందసార్లూ వాడి చూపు నేల మీదే. అమ్మ తనను అడగకుండానే పోయిందంటే అదొక గుండెకోత. అడిగినా వీడు పిలవలేదంటే అదొక మంట. రెంటిలో ఏదో ఒకటి తేలితే తప్ప ఆమెకు నిద్ర పట్టదు. ఆమెకు ఈ లోకంలో తెలుసుకోవాల్సింది అదొక్కటే మిగిలింది.

ఇక క్రీము గొట్టాల సంగతి. అతిథులు మరిచిపోయి వెళ్ళిన సామాన్లను మోటెల్లో మూడు నెలలు అల్మారాలో దాచి ఉంచుతారు. ఎవరూ అడగకపోతే శుక్రవారం టీ వేళ పనివాళ్ళు చీట్లు వేసుకుని పంచుకుంటారు. అకైతీకి ఎప్పుడూ ఒంటి చెవిపోగో, పగిలిన ఈత కళ్ళజోడో వచ్చేది. నవంబరులో, మాకు ఎండాకాలం ముదురుతున్న రోజుల్లో మొదటిసారి అదృష్టం పండి, ఒక అట్టపెట్టె వచ్చింది. లోపల తెల్లటి క్రీము గొట్టాలు ఆరు, మూత కూడా తియ్యనివి.

తోటి పనిమనిషి కూరా పెట్టెను తిప్పి తిప్పి చూసింది. "ఫ్రెంచి రాతలు. తాహితి నించొచ్చిందే, ఆవిడవి. పెట్టె మీది బొమ్మలో దీని మొహం చూడవే, ఇస్త్రీ చేసినట్టుంది. ముడతలకయ్యుంటుంది."

"నా ముడతలన్నిటికీ పేర్లు పెట్టుకున్నాను. పోతే బెంగపెట్టుకుంటా" అంది అకైతీ. అన్నదే గాని పెట్టె మాత్రం సంచిలో వేసుకుంది.

మా దీవిలో ఒంటికి ఏదైనా రాసుకోవడమంటే ఒకటే పద్ధతి. కొబ్బరినూనె దోసిట్లో పోసుకుని, మొహం నిగనిగలాడేదాకా మర్దనా చేసుకోవాలి, స్నానం చేసిన ప్రతిసారీ చేసుకోవాలి. పసిపిల్లకైనా అంతే, పెళ్ళికూతురికైనా అంతే, కడసారి స్నానం చేయించిన శవానికైనా అంతే. వేలి కొసతో చుక్క తీసుకుని అద్దుకునే పిసినారితనం మాకు చేతకాదు. అకైతీ ఆ క్రీమును కూడా నూనె రాసినట్టే రాసింది. కుడి అరచేతిలో గొట్టం పిండుకుని, ముందు ఎడమ చెంపకు దట్టంగా పట్టించి, చేతికి మిగిలింది తక్కిన మొహానికి పూసుకుంది. పొద్దున పనికి వెళ్ళేముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి. పొద్దున రాసుకున్న మొహంతోనే నడినెత్తిన ఎండలో దుప్పట్లు ఆరేసింది.

ఐదో రోజు చర్మం బిగిసింది. పని చేస్తోంది కాబోలనుకుంది. ఎనిమిదో రోజు మండింది. మండుతుంటే ఏం చేస్తాం, చల్లగా ఏదైనా రాస్తాం. చేతిలో చల్లగా ఉన్నది ఆ క్రీమే. ఇంకా దట్టంగా రాసింది. పన్నెండో రోజుకు దిండు మీద వెల్లుల్లి పొట్టులాంటి పొరలు కనబడ్డాయి. చెమట తగిలినా మంటే, నవ్వినా మంటే, ఉప్పుగాలి తగిలినా మంటే. మొహమంతా కందినా, ఎడమ చెంప మాత్రం పొర ఊడి పచ్చిగా, ఎర్రగా తేలింది. పైన వెడల్పుగా, కిందికి మొనదేలి.

అది తను చూసుకోలేదు. చూసింది తెరియాపీ పిన్ని, మెరియానా చెల్లెలు. ఆదివారం చర్చిలో తెల్ల టోపీ సవరించుకుంటూ పక్క బెంచీలోకి తొంగిచూసిన పిన్ని, పాట మధ్యలో ఆగిపోయింది. చర్చిలో అందరికంటే పెద్ద గొంతు ఆవిడదే. అది ఆగేసరికి పాదిరిగారితో సహా అందరూ తిరిగి చూశారు.

"అక్కా" అంది పిన్ని, అకైతీని చూస్తూ.

"నేను అకైతీని, పిన్నీ."

"నీకు తెలీదు, నువ్వు నోరుముయ్యి" అని పిన్ని వేలితో గాలిలోనే చేమాకు ఆకారం గీసింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మా వాళ్ళకు అంతకంటే చెప్పక్కర్లేదు. ఆసుపత్రి మందుకు లొంగే జబ్బులు ఉన్నట్టే, పోయినవాళ్ళు పట్టుకుంటే వచ్చే జబ్బూ ఉంది. పోయినవాళ్ళ ఆత్మను తూపాపాకు అంటాం. వాళ్ళకు కడుపులో ఏదైనా బాధ మిగిలిపోతే, ఇంట్లో ఒకరి ఒంటి మీదికి వచ్చి చెబుతారు. ఇంటివాళ్ళంతా సమాధి చుట్టూ చేరి, ఆ పోయిన మనిషికి ఎవరెవరు ఏ అన్యాయం చేశారో పైకి చెప్పుకోవాలి. దాచిందంతా బయటికొస్తే జబ్బు పోతుంది. ఒక్కటి దాచినా పోదు.

ఆ మధ్యాహ్నమే పిన్ని నాటువైద్యుడు రంగి తాతను వెంటబెట్టుకొచ్చింది. తాత కొబ్బరినూనెలో ఏవో ఆకులు నలిపి చెంపకు రాశాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, మంటకు అకైతీ మంచం పట్టె పట్టుకుని కేకపెట్టింది. తాత చెయ్యి వెనక్కి తీసుకుని చాలాసేపు ఆ చెంపనే చూశాడు.

"ఇది ఆకుకు లొంగేది కాదమ్మా. ఈ మచ్చ నీది కాదు. వచ్చే ఆదివారం అందరూ నోళ్ళు విప్పండి" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, అకైతీకి భయం వేసింది. భయపడే మనిషి కాదు. కానీ ఆ వారమంతా ఏ గది అద్దం తుడిచినా, తుడిచిన మేరకు అమ్మే బయటపడేది. ముందు నుదురు, తరువాత కన్ను, చివరికి ఆ చెంప. ఆమె చప్పున పక్కకు తప్పుకుంటే, అద్దంలో మనిషి అరక్షణం ఆలస్యంగా తప్పుకుంటున్నట్టు అనిపించేది. నాలుగో నంబరు గదిలో అద్దాన్ని సగం తుడిచి వదిలేసి వచ్చేసింది. పంతొమ్మిదేళ్ళలో ఆమె సగంలో వదిలిన పని అదొక్కటే.

శుక్రవారం కూరా పోరగా పోరగా అకైతీ బస్సెక్కి అవరువా బజారులో మందుల షాపుకు వెళ్ళింది. కౌంటరు వెనక అమ్మాయి మొహం చూసి, "ఏం రాస్తున్నారు ఆంటీ?" అంది. అకైతీ సంచిలోంచి గొట్టం తీసి ఇచ్చింది. అమ్మాయి ఆ అక్షరాలు చదివి, కళ్ళు పెద్దవి చేసింది.

"ఇది రెటినాల్, ముడతల మందు. ఎంత రాస్తున్నారు?"

అకైతీ అరచెయ్యి చాపి చూపించింది.

"అయ్యో ఆంటీ! శనగ గింజంత, మొహం మొత్తానికి. అదీ రాత్రి పూటే, మొదట్లో వారానికి రెండు మూడుసార్లు. రాస్తున్నన్నాళ్ళూ ఎండ తగలకూడదు. మీరు తోలు ఒలుచుకున్నారు. ఆపెయ్యండి, రెండు మూడు వారాల్లో అదే తగ్గిపోతుంది."

"అయితే ఇది మా అమ్మ కాదా?"

"ఏంటీ?"

"ఏం లేదు" అంది అకైతీ. తిరుగు బస్సులో ఆమెకు ఆపుకోలేనంత నవ్వొచ్చింది. నవ్వితే చెంప మండింది, మండితే ఇంకా నవ్వొచ్చింది. ఊరు ఊరంతా గొట్టానికి దండం పెట్టింది గదా! దిగగానే పిన్నికి చెప్పి, ఆవిడ మొహం చూడాలనుకుంది.

ఇంటి ముందు సమాధి దగ్గర పునువా నిలబడి ఉన్నాడు. పిన్ని కబురు పెట్టినట్టుంది. ఇళ్ళకు సిమెంటు పని చేసేవాడు, ఆ సమాధి కట్టింది కూడా వాడే. బండలాంటి మనిషి. అకైతీని చూడగానే తలమీది టోపీ తీసి గుండెకు అదుముకున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. రెండో చేత్తో సమాధి అంచు పట్టుకున్నాడు. వాడు చూస్తున్నది అక్క కళ్ళలోకి కాదు, చెంపకేసి.

అకైతీ చెప్పబోయిన మాట నోట్లోనే ఆగింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే వీడే భుజాలు తడుముకుంటున్నాడు. వందసార్లు అడిగితే పెదవి కదపనివాడు ఈ చెంపను చూసి ఇంతగా వణికితే, ఎల్లుండి ఆదివారం ఏం చెబుతాడో. ఒక్క ఆదివారం ఆగితే మునిగిపోయేదేముంది?

ఆమె లోపలికి వెళ్ళి స్నానం చేసి, గొట్టం మూత తీసింది. ఈసారి మొహానికంతటికీ రాయలేదు. ఎడమ చెంపకు మాత్రం, పాత ఆకారం దాటకుండా, జాగ్రత్తగా రాసింది.

ఆదివారం భోజనాలయ్యాక సమాధి చుట్టూ చాపలు పరిచారు. రంగి తాత ప్రార్థన చేసి, ఎవరి మాట వాళ్ళు చెప్పమన్నాడు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు ఒక్కటొక్కటే బయటపడ్డాయి. ముందు పిన్నే ఏడుపందుకుంది.

"అక్కను చుట్టి పంపాల్సిన మందారప్పూల దుప్పటి నా పెట్టెలో ఉందే! తను చేత్తో కుట్టుకున్నది. నేను చిరుగుల దుప్పటి చుట్టి పంపాను. చిరుగులు కనపడకుండా కిందికి మడిచాను. క్షమించవే అక్కా!"

పునువా భార్య వైరీ తలొంచుకుంది. "అత్త వండిన ఆకుకూర బాగుందని తీసుకెళ్ళి పందికి వేసేదాన్ని. ఒక రోజు కాదు, తొమ్మిదేళ్ళు."

"పంది అందుకేనా అంత బలిసింది" అంది పిన్ని, ఏడుపు మధ్యలోనే.

చివరికి పునువా వంతు వచ్చింది. జేబులో సిగరెట్లు వెతుక్కుని, దొరికినవి మళ్ళీ జేబులోనే పెట్టి, "నాదేం లేదు" అని లేచి స్కూటరెక్కి పోయాడు. రంగి తాత అకైతీ చెంప చూసి తల ఊపాడు. "ఇంకా ఉంది" అన్నాడు.

మంగళవారం పొద్దున వాడు ఒంటరిగా వచ్చాడు. అకైతీ మెట్టు మీద కూర్చుని టీ తాగుతోంది. వాడు ఎదురుగా నేల మీద కూర్చుని, చెంప చూస్తూ, అమ్మతో చెప్పినట్టే చెప్పాడు.

"పొద్దున్నుంచీ నువ్వు అక్కనే అడిగావు. అకైతీకి ఫోన్ చెయ్యరా, అకైతీని రమ్మనరా అని. అప్పటికి రెండు నెల్లుగా మాకు మాటల్లేవు. మా పంది దాని చేమమొక్కలు తవ్విందని వీధిలో నన్ను నానా మాటలూ అంది. నేను ముందు మాట్లాడితే దానికి లోకువైపోతానని... ఫోన్ చెయ్యలేదమ్మా. చేశానని నీకు చెప్పాను. పనయ్యాక వస్తానందని చెప్పాను. నువ్వు వీధివైపు చూస్తానే ఉన్నావు. పన్నెండింటికి, 'పోన్లే, పని వదిలి ఎట్లా వస్తుంది' అన్నావు. అని అటు తిరిగి పడుకున్నావు."

అకైతీ చేతిలో టీ చల్లారిపోయింది. అడిగిందన్నమాట. అడిగి, రాదనుకుని గోడవైపు తిరిగింది. ఎనిమిదో నంబరు గది నుంచి ఇంటికి స్కూటర్ మీద పన్నెండు నిమిషాలు. ఒక పంది కోసం, ఒక లోకువ కోసం, తన తల్లి కూతురు రాదనుకుంటూ పోయింది.

ఆ వెనకే మొగుణ్ణి వెతుక్కుంటూ వచ్చిన వైరీ పిలిస్తే రంగి తాత వచ్చాడు. "చెప్పాడు కదమ్మా. ఇక నీ చెయ్యి వాడి తల మీద పెట్టు. అంతటితో పోతుంది" అన్నాడు. అకైతీ లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

క్షమించడం ఆమె వల్ల కాలేదు. గొట్టాలు ఇంకా రెండున్నర మిగిలి ఉన్నాయి. చెంప మానితే వీడికి క్షమాపణ దొరికినట్టే. మానకపోతే అమ్మ ఇంకా క్షమించనట్టు. తాళంచెవి తన చేతిలో ఉంది. ఆమె రోజూ రెండుపూటలా ఆ చేమాకును కొత్తగా దిద్దుకుంది. మంట కళ్ళలోకి నీళ్ళు తెప్పిస్తే, ఆ మంటే బాగుందనిపించేది.

పునువా మాత్రం ఒక్కరోజూ మానలేదు. తెల్లారేసరికి చేపలతోనో సీమపనస కాయలతోనో వచ్చి గుమ్మం ముందు కూర్చునేవాడు. చెంప కేసి చూస్తూ ఏదో ఒకటి చెప్పేవాడు. నిన్న ఎవరింటి గోడ కట్టాడో, చిన్నవాడికి ఏ పన్ను ఊడిందో చెప్పేవాడు. అకైతీ గడప మీద నిలబడి వినేది. వాడితో ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. పళ్ళు బిగించుకుని, వాడి స్కూటర్ మలుపు తిరిగేదాకా అలాగే నిలబడేది. అదే వాడికి శిక్ష అనుకుంది. వాడు చిక్కిపోతుంటే ఆమెకు లోపల తృప్తిగానే ఉండేది, ఆ మాట దాచడమెందుకు?

కోపం తగ్గలేదు గాని గొట్టాలు అయిపోయాయి. చివరి గొట్టాన్ని కత్తెరతో కోసి, లోపలిది గీకి రాసింది. ఆ పైన ఏమీ లేదు. రెండు మూడు వారాలు ఆగితే మానుతుందని మందుల షాపు అమ్మాయి చెప్పింది. సరే మాననీ, అనుకుంది. ఏదో ఒక రోజు ముగియాల్సిందే గదా.

నుదురు అప్పటికే మానింది. ముక్కు మానింది. కుడి చెంప పసిపిల్ల చెంపలా నున్నగా వచ్చింది. ఎడమ చెంప మాత్రం అలాగే ఉంది. రెండు వారాలయింది, మూడయింది, నాలుగయింది. ఆ శుక్రవారమే షాపు అమ్మాయి ఇచ్చి పంపిన తెల్ల మందు రాసింది, వెడల్పు టోపీ పెట్టుకుంది, ఎండలో దుప్పట్లు ఆరేసే పని కూరాకు అప్పగించింది. పచ్చిదనం ఆరిందే తప్ప చేమాకు చెరగలేదు. అంచులు ఇంకా తేటపడ్డాయి. మళ్ళీ బస్సెక్కి వెళితే అమ్మాయి వెలుతురులోకి తిప్పి చూసి, "ఒక్కొక్కరికి ఆలస్యమవుతుంది ఆంటీ, ఎండ బాగా తగిలింది గదా" అంది. కానీ ఈసారి ఆ గొంతులో వెనకటి ధీమా లేదు.

ఆ సాయంత్రం అకైతీ సమాధి ముందు నిలబడి, ఫొటో మీది గాజులో తన మొహాన్ని అమ్మ మొహానికి జతచేసి చూసింది. రెండు మచ్చలూ పక్కపక్కన నిలిచాయి. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. ఊరి మాట గుర్తొచ్చింది. దాచిందంతా బయటికొస్తేనే పోతుంది, ఒక్కటి దాచినా పోదు. పిన్ని చెప్పింది, వైరీ చెప్పింది, పునువా చెప్పాడు. అమ్మ పేరు పెట్టి ఊరందరినీ మోసం చేసిన మనిషి మాత్రం ఇంకా చెప్పలేదు.

మర్నాడు వాడు వచ్చేదాకా ఆగలేదు. తనే స్కూటరెక్కి వాడు పనిచేస్తున్న చోటికి వెళ్ళింది. పునువా సగం లేచిన గోడ పక్కన ఇసుకా సిమెంటూ కలుపుతున్నాడు. అక్క వచ్చిందని పార నేలకు ఆనించి నిలబడ్డాడు. ఆమె ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేసింది. చీట్లలో వచ్చిన పెట్టె, అరచేతి నిండా క్రీము, మందుల షాపు, ఆ శుక్రవారం, ఆ తరువాత కావాలని రాసుకున్న ప్రతి పూటా చెప్పింది. వాడు పారతో కొట్టినా కొడతాడనుకుంది. కొడితే పడదామనే వచ్చింది.

పునువా కొట్టలేదు. అరవలేదు. తడి సిమెంటును పారతో ఒకసారి తిరగేశాడు. తలెత్తేసరికి ఆ బండ మనిషి గొంతు పదేళ్ళ పిల్లవాడి గొంతయింది.

"అంటే... అమ్మ రాలేదా?"

"లేదురా. క్రీము అది."

"భయపడి వచ్చేవాణ్ణనుకున్నావా నువ్వు?"

అలాగే అనుకుంది మరి.

"మొదట్లో భయమే. తర్వాత కాదు. అమ్మ కనపడుతుందని వచ్చేవాణ్ణి" అన్నాడు వాడు. మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. సిమెంటు మొహానికంటింది. "పోన్లే. క్రీమైతే క్రీము. రోజూ నేను స్కూటర్ దగ్గిరికి పోతుంటే వెనకనించి అడిగేదానివి గదా, 'పునూ, తిన్నావా' అని. అచ్చం అమ్మలాగే అడిగేదానివి. అదన్నా నువ్వు నిజంగా అడిగావని అనుకుంటాలే."

అకైతీ చేత్తో చెంప తడుముకుంది. ఆ మాట తనదేనంటే తమ్ముడి గుండె చల్లబడుతుంది. కానీ అబద్ధాలు చెప్పడానికి కాదు ఇంత దూరం వచ్చింది.

"నేను నీతో ఒక్క మాటా మాట్లాడలేదురా" అంది. "రెండు నెల్లూ పళ్ళు బిగించుకునే నిలబడ్డాను. పునూ అని నిన్ను ఎప్పుడూ పిలవలేదు నేను."

గోడ మీద ఎండ పాకుతోంది. పునువా మొహంలో భయం రాలేదు. మెల్లగా, నమ్మలేనట్టు, వెలుతురు వచ్చింది. తరువాత వాడికి ఏదో తట్టినట్టుంది. అక్క చెంప మీది మచ్చకేసి చూసి, జాలిగా, గొంతు తగ్గించి అడిగాడు.

"మరి అమ్మ నిన్నేమీ అడగలేదా?"

అకైతీ తల అడ్డంగా ఊపింది.